శనగ వేరులో ఒక తూము

జనవరిలో కోవెలకుంట్ల వైపు వెళ్తే నల్లరేగడిలో పప్పుశనగ చేలు కనిపిస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో విత్తిన పంట. చాలా చేలకు ఆ తర్వాత తడి పెట్టడం ఉండదు. వానాకాలంలో రేగడి తాగి దాచుకున్న చెమ్మ మీదే మొక్క పెరగాలి, పూయాలి, కాయాలి. తెల్లవారుజామున చేలో నడిస్తే చేతికంటిన మంచు నాలుకకు పుల్లగా తగులుతుంది. శనగాకు మీద ఊరే ఆమ్లాల పులుపు అది. ఓ మొక్కను చుట్టూ మట్టి తవ్వి మెల్లగా పైకి తీసి చూడండి. నిలువుగా దిగిన తల్లివేరు, దాని నుంచి పక్కలకు చీలిన పిల్లవేర్లు, వాటిని అంటిపెట్టుకుని చిన్న చిన్న బుడిపెలు. పైపొర ఎండి నేల నెర్రెలిచ్చాక, అడుగున మిగిలిన చెమ్మను ఈ వేరు ఎంతవరకు అందుకుంటుందో దాన్ని బట్టే కాయలో గింజ నిండుతుంది.

మరి వేరును ఇంకాస్త పెంచితే?

మొక్కల్లో సైటోకైనిన్ అనే హార్మోను ఉంది. చోటు మారితే దాని పని మారుతుంది. కొమ్మల చివర కణాలు విభజన చెందేలా పురికొల్పుతుంది, వేరులో మాత్రం ఎదుగుదలకు కళ్లెం వేస్తుంది. ఈ హార్మోనును విరగ్గొట్టే ఎంజైమును కూడా మొక్కే తయారు చేసుకుంటుంది. పేరు సీకేఎక్స్. జర్మనీ శాస్త్రవేత్త థామస్ ష్ముల్లింగ్ బృందం 2001లో పొగాకు మొక్కల్లో ఈ ఎంజైము ఒళ్లంతా ఎక్కువగా తయారయ్యేలా చేసింది. కళ్లెం తెగిన వేర్లు గుబురుగా పెరిగాయి. కానీ పైన మొక్క గిడసబారిపోయింది. వేరుకు మేలు చేసిన జన్యువే కొమ్మకు కీడు చేసింది. అలాంటి మొక్క ఏ రైతుకూ పనికిరాదు.

తప్పు జన్యువుది కాదు, దాన్ని పనిచేయించిన చోటుది.

కాలువ కింద సేద్యం చేసినవాళ్లకు తూము సంగతి చెప్పక్కర్లేదు. కాలువ నిండా నీరున్నా తూము ఎత్తిన వైపే చేను తడుస్తుంది. జన్యువులదీ అదే పద్ధతి. శనగ మొక్క ఆకు కణంలో, పూరేకు కణంలో, వేరు కొసన ఉన్న కణంలో జన్యువులన్నీ ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు పని మొదలుపెట్టాలన్నది దాని ముందుండే డీఎన్‌ఏ ముక్కను బట్టి ఉంటుంది. దాన్ని ప్రమోటర్ అంటారు. అదే తూము. దాన్ని ఎత్తడానికి కణంలో కొన్ని ప్రోటీన్లుంటాయి, కాలువల మీద లస్కర్లలాగా. ఆకుల్లో తిరిగే లస్కర్లందరూ వేర్లలో కనిపించరు, వేర్లలో ఉన్నవాళ్లందరూ ఆకుల్లోకి వెళ్లరు. అందుకే వేరు లస్కర్లు మాత్రమే గుర్తుపట్టే తూమును వెతికి జన్యువు ముందు అతికిస్తే, ఆ జన్యువు వేరులోనే పనిచేస్తుంది.

మొదట్లో శాస్త్రవేత్తల చేతిలో ఇంత నాజూకైన తూములు లేవు. అందరూ వాడింది కాలీఫ్లవర్ మొక్కకు సోకే ఒక వైరస్ నుంచి తీసిన 35ఎస్ అనే ప్రమోటర్. వైరస్‌కు ఏ కణం దొరికినా తన సంతతి పెరగాలి, అందుకని ఆ తూము దాదాపు అన్ని భాగాల్లోనూ తెరుచుకునే ఉంటుంది. 2002 నుంచి మనం వేస్తున్న బీటీ పత్తిలో పురుగును చంపే జన్యువు ముందున్నదీ దీని బలపరిచిన రూపమే. కాయ తొలిచే పురుగు వేరు జోలికి వెళ్లదు. అయినా ఆ జన్యువు తయారుచేయించే ప్రోటీన్ పత్తి వేరులోనూ తయారవుతుంది. మొక్కజొన్న విషయంలో ఇంకో అడుగు ముందుకెళ్లింది. బీటీ మొక్కజొన్న వేర్ల నుంచి ఆ ప్రోటీన్ చుట్టూ ఉన్న మట్టిలోకి ఊరుతోందని 1999లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. దానివల్ల నేలకు హాని జరిగిందని నేననడం లేదు. అవసరం లేని చోట జన్యువును పనిచేయించడం మంచి ఇంజినీరింగ్ కాదని మాత్రం గట్టిగా అంటాను.

ఆ వైరస్ తూమును ముక్కలు చేసి చూసినప్పుడే అసలు దారి దొరికింది. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో నామ్-హై చువా ప్రయోగశాలలో ఫిలిప్ బెన్ఫీ, ఆయన సహచరులు 1989లో ఆ పని చేశారు. 35ఎస్‌లో ఒక భాగం ముఖ్యంగా వేరులో, ఇంకో భాగం ముఖ్యంగా పైమొక్కలో పనిచేస్తాయని తేలింది. వేరు వైపు పనంతా నడిపించేది కేవలం 21 అక్షరాల డీఎన్‌ఏ ముక్క. ఆకుపచ్చ భాగాల్లో మాత్రమే పనిచేసే ఒక బఠానీ ప్రమోటర్‌లో ఈ 21 అక్షరాలను దూర్చగానే అది వేరులోనూ పనిచేయడం మొదలుపెట్టింది. ఈ ముక్కనే నాలుగుసార్లు వరుసగా పెట్టి, వేర్లు తినే పురుగు నుంచి మొక్కజొన్నను కాపాడే రకాన్ని 2003లో అమెరికా పొలాల్లోకి తెచ్చారు.

ఏ తూము ఎక్కడ తెరుచుకుంటుందో కంటితో చూసే పద్ధతి నాకెంతో ఇష్టం. తెలుసుకోవాలనుకున్న ప్రమోటర్ వెనక ఒక బ్యాక్టీరియా జన్యువును పెడతారు. లేత మొక్కను పీకి ఒక ద్రావణంలో ముంచి, మన ఒంటి వేడిలో కొన్ని గంటలు ఉంచుతారు. తర్వాత ఆల్కహాల్‌తో కడిగితే ఆకుల్లో పచ్చదనమంతా పోయి మొక్క తెల్లగా పాలిపోతుంది. జన్యువు పనిచేసిన చోట మాత్రం చిక్కటి నీలం మిగులుతుంది. మంచి వేరు ప్రమోటర్ అయితే ఆకులు, కాడ తెల్లగా ఉండి కింద వేరు దారాలు మాత్రం అప్పుడే రంగులో ముంచి తీసినట్టు కనిపిస్తాయి. రసాయనికంగా ఆ రంగు నీలిమందుకు దగ్గరి చుట్టమే.

బెర్లిన్‌లోని ఫ్రీ యూనివర్సిటీలో ష్ముల్లింగ్ బృందం 2010లో పాత ప్రయోగాన్నే మళ్లీ చేసింది, ఈసారి వేరులో మాత్రమే తెరుచుకునే తూములతో. పొగాకులోనూ అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలోనూ వేర్ల పెరుగుదల 60 శాతం దాకా పెరిగింది. పైమొక్క మామూలుగానే ఉంది. గిడసబారడం పోయింది.

ఇక్కడి నుంచి కథ శనగకు వచ్చింది. ఢిల్లీలోని జాతీయ మొక్కల జన్యు పరిశోధన సంస్థలో దేబాశీష్ చటోపాధ్యాయ్ బృందం శనగలోని సీకేఎక్స్6 జన్యువునే తీసుకుని, వేరులో పనిచేసే ప్రమోటర్ కింద పెట్టి, తిరిగి శనగలోకి పంపింది. పప్పుధాన్యంతో ఇక్కడో పెద్ద చిక్కుంది. వేరు బుడిపెల్లో రైజోబియం బ్యాక్టీరియా కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందిస్తుంది. ఆ బుడిపె పుట్టడానికి సైటోకైనిన్ కావాలి. వేరును పెంచుదామని ఆ హార్మోనును తగ్గిస్తే బుడిపెలే పుట్టకపోవచ్చు. అప్పుడు శనగ శనగలా ఉండదు, యూరియా అడిగే పంటవుతుంది. ఆ టెన్షన్‌తోనే లెక్క చూసి ఉంటారు. 2020లో వెలువడిన ఫలితాల్లో బుడిపెలకు లోటు రాలేదు. వేర్ల బరువు పెరిగింది, మొక్కలు బెట్టను ఎక్కువ కాలం తట్టుకున్నాయి. ఇలా చేసిన కొన్ని మొక్కల వంశాల్లో గింజ దిగుబడి 25 శాతం దాకా పెరిగింది. గింజల్లో జింకు, ఇనుము కూడా హెచ్చాయి. వేరు విస్తరించినకొద్దీ మట్టిలోని ఖనిజాలు మరింత అందుతాయి కదా.

ఇదే కుటుంబపు జన్యువుతో హైదరాబాద్‌లో దీనికి పూర్తిగా ఎదురు పని జరిగింది. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ మనందరం తినే సాంబా మసూరిలో సీకేఎక్స్2 జన్యువును సవరించి చేసిన ‘కమల’ రకాన్ని 2025 మేలో ప్రకటించారు. వెన్నులో ఈ ఎంజైము తగ్గితే అక్కడ సైటోకైనిన్ నిలిచి గింజల సంఖ్య పెరుగుతుంది. శనగ వేరులో పెంచితే లాభం, వరి వెన్నులో తగ్గిస్తే లాభం. జన్యువు మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఇదే: ఏ చోట, ఎంత మేరకు?

ఎప్పుడు అనేది కూడా కలపాలి. జపాన్‌లో, బెట్టను తట్టుకునే శక్తినిచ్చే డ్రెబ్1ఏ అనే జన్యువును 35ఎస్‌తో నడిపితే మొక్కలు పొట్టివైపోయాయి. నీరు కరవైనప్పుడే తెరుచుకునే ప్రమోటర్ పెడితే ఆ నష్టం చాలావరకు తప్పింది. అదే జతను పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో వేరుశనగలో పెట్టారు. అక్కడ పొడవాటి పీవీసీ గొట్టాల్లో మట్టి నింపి మొక్కలు పెంచుతారు. గొట్టంతో సహా ఎత్తి తూకం వేస్తే, తగ్గిన బరువును బట్టి మొక్క ఎన్ని నీళ్లు తాగిందో తెలుస్తుంది. బెట్టలో ఈ వేరుశనగలు లోతు పొరల్లో ఎక్కువ వేర్లు వేసి, ఎక్కువ నీరు లాగాయి.

వేరుశనగ పేరులో వేరున్నా కాయ వేరుకు కాయదు. పువ్వు నుంచి దిగిన ఊడ చివర మట్టిలో ఊరుతుంది. కాబట్టి వేరు తూము కింద పెట్టిన జన్యువు పల్లీలో పనిచేయనక్కర్లేదు. క్యారెట్, చిలగడదుంపల సంగతి వేరు, అక్కడ మనం తినేదే వేరు. వేరులో మాత్రమే అన్న మాట ప్రతి పంటకూ విడిగా పరీక్షించి చెప్పాల్సిందే. కుండీలో బిగువుగా ఉన్న తూము పొలంలో కారవచ్చు. ఎండకో, గాయానికో, తెగులుకో వేరే లస్కర్ వచ్చి దాన్ని ఎత్తవచ్చు.

ఢిల్లీ శనగ ఇంకా రైతు చేతికి రాలేదు. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా వేస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. నా కోరికల్లా ఆ శనగను ఒక రబీలో, కట్టుదిట్టమైన పరీక్షా క్షేత్రంలో, నిజమైన నల్లరేగడిలో మామూలు శనగ రకం జేజీ-11 పక్కన విత్తడం. జనవరిలో నేల నెర్రెలిచ్చాక రెండిటినీ తవ్వి తీయాలి. వేర్లు కడిగి పక్కపక్కన పరిచి, ముందు బుడిపెలు లెక్కపెట్టాలి.