బిల్లు పాసైతే చట్టం వచ్చేసినట్టేనా? ఎమ్మెల్యే ఆఫీసు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

మొన్న ఉదయం ఆఫీసు తాళం తీసేసరికే ముగ్గురు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ముగ్గురి ఫోన్లలో ఒకటే వాట్సాప్ మెసేజ్: "అసెంబ్లీలో బిల్లు పాస్. రేపటి నుంచే అమలు. వెంటనే అప్లై చేసుకోండి." ఏ బిల్లో లేదు, ఏ తేదీనో లేదు, పంపిందెవరో అసలే లేదు.

తెలంగాణలో ఒక ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో పదేళ్లకు పైగా పనిచేస్తున్నాను. అసెంబ్లీలో ఏం జరిగింది, నియోజకవర్గంలో ఏం జరుగుతోంది అన్నది నెలకోసారి రెండు పేజీల్లో రాసి ఊళ్లకు పంపడం నా పనుల్లో ఒకటి. జాబ్ మేళా ఎప్పుడు, కంటి పరీక్షల క్యాంపు ఎక్కడ, బోనాలకు ఏ రోడ్డు మూస్తారు, అన్నీ అందులోనే. నేను చూసినంతలో "బిల్లు పాసైంది" అన్న ఒక్క మాట వల్ల జనం పోగొట్టుకున్నంత డబ్బు ఇంకే పుకారు వల్లా పోగొట్టుకోలేదు. కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

అపోహ: అసెంబ్లీలో బిల్లు పాసైంది కాబట్టి చట్టం వచ్చేసింది.

రాలేదు. శాసనసభ తర్వాత మండలి ఉంది. ఆ తర్వాత గవర్నర్. ఆయన సంతకం పెట్టొచ్చు, ద్రవ్య బిల్లు కాకపోతే తిప్పి పంపొచ్చు, రాష్ట్రపతి పరిశీలనకూ పంపొచ్చు. ఇన్ని రోజుల్లోపు తేల్చాలని రాజ్యాంగం 200వ అధికరణంలో ఎక్కడా లేదు. సంతకమయ్యాక గెజిట్‌లో అచ్చుకావాలి. అప్పటికీ పని పూర్తయినట్టు కాదు. "ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించిన తేదీ నుంచి అమల్లోకి వస్తుంది" అని చాలా చట్టాల మొదటి సెక్షన్‌లోనే ఉంటుంది. ఆ తేదీ ప్రకటించాలి, రూల్స్ రావాలి, ఏ ఆఫీసర్‌కు ఏ ఫారంలో పెట్టుకోవాలో తేలాలి. అంతవరకు మీరు ఎవరికీ ఏ కాగితమూ ఇవ్వాల్సిన పనిలేదు, ఎవరికీ రూపాయి కట్టాల్సిన పనిలేదు.

భూముల రికార్డుల కోసం తెచ్చిన భూభారతి చట్టాన్నే చూడండి. 2024 డిసెంబర్ 18న బిల్లు సభలో పెట్టారు, 20న సభ ఆమోదించింది. గవర్నర్ ఆమోదం 2025 జనవరిలో వచ్చింది. అమల్లోకి వచ్చింది ఏప్రిల్ 14న. రెవెన్యూ సదస్సులు కూడా ముందు మద్దూరు, లింగంపేట, నేలకొండపల్లి, వెంకటాపూర్, ఈ నాలుగు మండలాల్లోనే పెట్టారు. చాలా ఊళ్లకు అవి చేరేసరికి జూన్ వచ్చింది. సభలో బల్లలు చరిచిన రోజుకీ, మీ ఊరి పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేసిన రోజుకీ మధ్య దాదాపు ఆరు నెలలు. బ్రోకర్లు సంపాదించుకునేది సరిగ్గా ఈ ఆరు నెలల్లోనే.

ఆ ఏడాది సంక్రాంతి దాటిన వారానికి ఒక పెద్దాయన వచ్చాడు. చంకలో ఎరువుల సంచి మడత, అందులో పాలిథిన్ కవరు, కవర్లో సాదా బైనామా, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా మామూలు కాగితం మీద రాసుకున్న భూమి అమ్మకం పత్రం. మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనక సెల్లో టేపు అంటించారు. అది కూడా పసుపు రంగుకు తిరిగింది. రెవెన్యూ స్టాంపు మీద అమ్మినాయన వేలిముద్ర, కింద ఇద్దరు సాక్షుల సంతకాలు. ఎకరం పది గుంటలు. ఇరవై ఏళ్లకు పైగా దున్నుకుంటున్నది ఆయనే, పాస్‌బుక్కులో పేరు మాత్రం ఇంకొకరిది.

"బిల్లు పాసైందట గదా సారూ. ఇప్పుడే కొత్త ఫైలు పెట్టాలె, ఆలస్యమైతే భూమి పోతదన్నడు. పన్నెండు వేలిచ్చిన."

"ఎవరికిచ్చావు తాతా?"

పేరు చెప్పలేదు. చీటీ ఎత్తి ఇచ్చానని మాత్రం అన్నాడు.

ఆ రోజుకి భూభారతి అమల్లోనే లేదు. ఫైలు పెట్టడానికి ఫారమే లేదు. ఇంకా పెద్ద సంగతేమిటంటే, సాదా బైనామాలకు ఆ చట్టంలో పెట్టిన దారి కొత్తగా దరఖాస్తు పెట్టేవాళ్ల కోసం కాదు. 2014 జూన్ 2 కంటే ముందు కొని, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతుల కోసం. అంటే బ్రోకరు చెప్పిన "కొత్త ఫైలు"కు చట్టంలో చోటే లేదు. "2020లో మీసేవలో ఏమన్నా పెట్టావా తాతా?" అని అడిగితే అదే కవరు అడుగు నుంచి నాలుగు మడతల రసీదు తీశాడు. అక్షరాలు సగం వెలిసిపోయాయి. తేదీ, అప్లికేషన్ నంబరు మాత్రం కనిపిస్తున్నాయి. ఆయన భూమికి ఆధారం ఆ రసీదు. దాన్ని ఎందుకూ పనికిరాని కాగితం అనుకుని అడుగున పెట్టి, పన్నెండు వేలు తీసుకెళ్లి ఇంకొకడి చేతిలో పోశాడు. రసీదు మూడు జిరాక్సులు తీయించి, ఒకటి మా ఫైల్లో పెట్టుకుని, రెండు ఆయనకిచ్చాను.

వెళ్లబోతూ ఆయన అన్న మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. బ్రోకరు ఆయనకు చూపించింది మేం పంపిన కాగితమేనట. "భూభారతి బిల్లుకు సభ ఆమోదం" అని డిసెంబర్‌లో నేనే హెడ్డింగు పెట్టాను. అందులో అబద్ధం లేదు. కానీ ఆమోదం తర్వాత ఇంకా ఏమేం జరగాలో కింద ఒక్క ముక్క రాయలేదు. అప్పటి నుంచి ఏ బిల్లు గురించి రాసినా చివర ఒక లైను తప్పకుండా పెడుతున్నాను: "ఈ తేదీకి బిల్లు ఎక్కడుంది?" సభలోనా, మండలిలోనా, గవర్నర్ దగ్గరా, గెజిట్ అయిందా, రూల్స్ వచ్చాయా. కొన్నిసార్లు నాలుగైదు నెలలు వరసగా అదే జవాబు రాయాల్సి వస్తుంది. రాస్తాను.

బీసీలకు 42 శాతం రిజర్వేషన్ బిల్లులు చూశాం కదా. 2025 మార్చి 17న సభ ఆమోదించింది. అక్కడి నుంచి రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లాయి. సర్పంచ్‌గా నిలబడదామని అప్పుడే ఊళ్లో ఖర్చు మొదలుపెట్టిన కుర్రాళ్లు నాకు తెలుసు. వాళ్ల ఆశను తప్పు పట్టను. "అయిపోయింది, ఇక నీదే సీటు" అని చుట్టూ చేరి ఖర్చు పెట్టించిన వాళ్ల మీదే నా కోపం.

అపోహ: జీఓ వచ్చిందంటే తిరుగులేదు.

జీఓ ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు. చట్టానికి లోబడి ఉండాలి, కోర్టు ఆపగలదు. పైన చెప్పిన 42 శాతానికే స్థానిక ఎన్నికల కోసం 2025 సెప్టెంబర్‌లో జీఓ ఇచ్చారు, అక్టోబర్‌లో హైకోర్టు స్టే ఇచ్చింది.

అపోహ: మంత్రి సభలో ఒప్పుకున్నారు కాబట్టి మా బ్రిడ్జి శాంక్షన్ అయినట్టే.

అది హామీ. సభలో ఇచ్చిన హామీల సంగతి చూడటానికి ఒక కమిటీ కూడా ఉంది, కాబట్టి దానికి విలువ లేదనను. కానీ పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, టెండరు, అగ్రిమెంటు అయితే తప్ప గునపం దిగదు. మమ్మల్ని అడిగేటప్పుడు "బ్రిడ్జి ఏమైంది" అని కాకుండా "పరిపాలనా అనుమతి జీఓ వచ్చిందా" అని అడగండి. జవాబు సూటిగా వస్తుంది.

అపోహ: ఎమ్మెల్యేకి ఇష్టం లేకపోతే బిల్లు ఆపేయొచ్చు.

సభలో 119 మంది ఉంటారు, అందులో ఆయనది ఒక ఓటు. పార్టీ విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న ఆదేశం, జారీ చేశాక దాన్ని కాదని ఓటేస్తే రాజ్యాంగంలోని పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వమే పోవచ్చు. సవరణ అడగొచ్చు, చర్చలో మాట్లాడొచ్చు. మీ ఇబ్బంది బిల్లు సభకు రాకముందే రాసి ఇస్తే ఆయన మాట్లాడటానికి పనికొస్తుంది. పాసయ్యాక తెచ్చే వినతిపత్రంతో చేయగలిగింది చాలా తక్కువ.

అపోహ: ఎమ్మెల్యే లెటర్ ఉంటే పని అయిపోతుంది.

లెటర్ సిఫారసు మాత్రమే, ఆర్డరు కాదు. సీఎం రిలీఫ్ ఫండ్‌కి లెటర్ ఇస్తాం, కానీ ఆసుపత్రి ఒరిజినల్ బిల్లులు లేకపోతే అది ముందుకు కదలదు. డిశ్చార్జ్ రోజున ఆ హడావిడిలో, ఏడుపుల మధ్య బిల్లులు పారేసి వచ్చిన వాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. దయచేసి దాచండి. ఇక తిరుమల దర్శనం లెటరైనా, ఇంకేదైనా, మా దగ్గర డబ్బు తీసుకోం. మా పేరు చెప్పి ఎవరైనా అడిగితే ఆ మనిషి ఎదురుగానే ఆఫీసుకు ఫోన్ చేయండి.

ఫోన్‌లో ఏదైనా పీడీఎఫ్ వస్తే ముందు పైన ఏం రాసి ఉందో చూడండి. "ఎల్.ఏ. బిల్ నంబర్" అని ఉంటే అది ఇంకా బిల్లే. "యాక్ట్ నంబర్" అని ఉంటే చట్టం. భూభారతి బిల్లు పేరులో 2024 అని, చట్టం పేరులో 2025 అని ఉండటానికి కారణం, అది చట్టమైంది 2025లో కావడమే. యాక్ట్ అయితే మొదటి సెక్షన్‌లో అమలు తేదీ గురించి ఏమన్నారో చదవండి. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మా దగ్గరికి తీసుకురండి. డబ్బు ఇచ్చాక కాదు, ఇవ్వకముందు.

ఆ పెద్దాయన ఇప్పుడు నెల మొదటి వారంలో తప్పకుండా ఫోన్ చేస్తాడు. "బిడ్డా, ఇప్పుడు ఏడున్నది?" అని ఒకటే ప్రశ్న. గెజిట్ అయిందన్నాను, సాదా బైనామాల సంగతి కోర్టులో ఉందన్నాను. పోయిన నెల ఆయనే చెప్పాడు, ఆర్డీఓ ఆఫీసు నుంచి నోటీసు వచ్చిందట, విచారణకు సాక్షుల్ని తీసుకెళ్లాలా అని అడిగాడు. కాగితం మీద సంతకం పెట్టిన ఇద్దరిలో ఒకాయన చనిపోయాడు. రెండో ఆయన భివండీలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. ఆ కొడుకు ఫోన్ నంబరు కోసం ఊళ్లో వాళ్లను అడుగుతున్నాం.