నలభై డిగ్రీల ఎండలో కరగని కాఫీ

మా ఇంట్లో కాఫీ జెల్లీ, అంటే ముక్కలుగా కోసుకునేలా బిగించిన డికాషన్, మొదటిసారి ఫెయిలైంది మే నెలలో. ఫ్రిజ్‌లోంచి తీసి గ్లాసుల్లో వేశాను, చుట్టాలు కబుర్లలో పడ్డారు. వచ్చి చూసేసరికి ముక్కలు కాస్తా నల్లటి నీళ్లయ్యాయి. తప్పు చుట్టాలది కాదు, బిగించడానికి నేను వాడిన జెలటిన్‌ది. అది ఇంచుమించు మన ఒంటి వేడికే కరిగిపోతుంది. ఆ మధ్యాహ్నం వంటిల్లు నలభై డిగ్రీలుంది. పైగా జెలటిన్ పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేదని తెలిసి అమ్మమ్మ గ్లాసే ముట్టుకోలేదు.

కాఫీ జెల్లీ జపాన్‌లో పాత అలవాటే. తైషో కాలం నుంచి, అంటే 1912-26 మధ్య నుంచి ఉంది. వాళ్ల దగ్గర దీనికి సరైన సరుకూ ఉంది: కాంటెన్. మన కిరాణా కొట్లో చైనా గ్రాస్ అనో, అగర్ అగర్ అనో అడిగితే ఇస్తారు. పేరుకు గ్రాస్ గానీ గడ్డి కాదు, సముద్రంలో పెరిగే ఎర్ర నాచు నుంచి తీసింది.

దీనికో వింత గుణం ఉంది. మంచు సున్నా దగ్గర కరుగుతుంది, నీళ్లు సున్నా దగ్గరే గడ్డకడతాయి. అగర్ అలా కాదు. కరగాలంటే 85 డిగ్రీల దాకా కాగాలి, మళ్లీ బిగియాలంటే 35-40 డిగ్రీలకు దిగాలి. అందులో ఉండే అగరోజ్ అనే పొడవాటి చక్కెర గొలుసులు వేడి నీళ్లలో విడివిడిగా తిరుగుతుంటాయి. చల్లారేకొద్దీ రెండేసి పురి పడి, ఆ పురులు మళ్లీ మోకుల్లా పెనవేసుకుంటాయి. పేనిన మోకును విప్పడం పోగును విప్పినంత తేలిక కాదు కదా, అందుకే అంత వేడి కావాలి. ఆ మోకుల వలలో కాఫీ చిక్కుకుపోతుంది. వంద గ్రాముల నీళ్లకు ఒక గ్రాము పొడి చాలు.

ఈ గుణాన్ని సైన్సుకు అందించింది కూడా ఒక వంటిల్లే. 1881లో జర్మన్ బ్యాక్టీరియా శాస్త్రవేత్త రాబర్ట్ కాక్ దగ్గర పనిచేస్తున్న వాల్టర్ హెస్సేకు వేసవిలో నా కష్టమే వచ్చింది. బ్యాక్టీరియా పెంచే జెలటిన్ కరిగిపోయేది, కొన్ని క్రిములైతే దాన్ని తినేసేవి కూడా. ఆయన భార్య ఫానీ తన వంటల్లో వాడే అగర్‌ను సూచించింది. నేటికీ ల్యాబుల్లో పెట్రీ పళ్లేలలో ఉండేది అదే.

రెండోసారి నేను అగర్‌నే వాడాను, అయినా తప్పు చేశాను. మరిగిన అగర్ నీళ్లలో ఫ్రిజ్‌లోని చల్లటి డికాషన్ పోశాను. పోసిన చోటల్లా 40 కిందికి దిగి, సేమ్యాలా పోగులు కట్టింది. ఇప్పుడు ఇలా చేస్తున్నా: 200 మి.లీ. నీళ్లలో 3 గ్రాముల పొడి కలిపి రెండు నిమిషాలు బాగా మరగనిస్తాను. పంచదార వేసి, పొయ్యి కట్టేశాక 100 మి.లీ. చిక్కటి వేడి డికాషన్ కలుపుతాను. డికాషన్‌ను మరిగిస్తే ఘుమఘుమంతా ఆవిరితో పోతుంది. పంచదార ఓ చెంచా ఎక్కువే వేయాలి, చల్లటి నోటికి తీపి సరిగ్గా తెలియదు. పళ్లెంలో పోస్తే ఫ్రిజ్ అక్కర్లేకుండా బయటే బిగుసుకుంటుంది. ఎండాకాలంలో వంటిల్లే నలభై డిగ్రీలుంటే మాత్రం ఫ్రిజ్‌లో పెట్టాలి.

ముక్కలు కోసి గ్లాసులో వేసి, చల్లటి పాలు పోసి చూడండి. ముక్క అంచుల నుంచి గోధుమరంగు తీగలు పాలలోకి సాగుతాయి. కెఫీన్, కాఫీకి రంగునిచ్చే పదార్థాలు చిన్నవి, వల కన్నాల్లోంచి జారిపోతాయి. పాలలోని కొవ్వు బిందువులు మాత్రం ఆ కన్నాలకు చాలా పెద్దవి, లోపలికి పోలేవు. హైదరాబాద్ సీసీఎంబీ లాంటి ప్రయోగశాలల్లో డీఎన్ఏ ముక్కలను సైజుల వారీగా వేరుచేసే జెల్ కూడా ఈ అగరోజ్ వలే.

అరగంట ఆగితే పాలు కాఫీ రంగుకొస్తాయి. అప్పుడొక ముక్కను చెంచాతో సగానికి కోస్తే లోపల ఇంకా నల్లగానే ఉంటుంది, తెల్లచుక్క కనబడదు. అమ్మమ్మ రెండో గ్లాసు అడిగింది.