బుడిపెలో సుడి

టెక్కలి వైపు నుంచి ఒక పాఠకుడు అడిగాడు: "మా కళ్లంలో వేపచెట్టు గాలివానకి పడిపోయింది. చెట్టు మొదలు దగ్గర బిందెంత బుడిపె ఉంది. కత్తి పిడికి బాగుంటుందని ఒకాయన అన్నాడు. వడ్రంగిని అడిగితే, 'పొయ్యిలోకి తప్ప ఎందుకూ రాదు బాబూ, రంపం పళ్లు పోతాయి' అంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?"

ఇద్దరి మాటా నిజమే. వడ్రంగి చూసేది నార పొడవు. గొడ్డలికి కామ వెయ్యాలంటే నార ఈ చివర నుంచి ఆ చివరిదాకా తెగకుండా సాగాలి. అందుకే నల్లతుమ్మని వెతుకుతాడు. బొబ్బిలి వీణకి పేరున్న గొల్లపల్లిలో పనస దుంగని తొలిచేటప్పుడు కూడా నార సాఫీగా నడిస్తేనే ఉలి మాట వింటుంది. బుడిపెలో నార ఏ వైపూ వేలెడు దూరం తిన్నగా పోదు. దానితో కామ చేస్తే నాలుగు దెబ్బలకే విరుగుతుంది. కత్తి పిడి సంగతి వేరు. అక్కడ బలమంతా లోపల దూరిన ఇనుముది. కర్ర పని పిడికిట్లో నిండుగా ఉండడం, నీళ్లకీ చెమటకీ తట్టుకోవడం, చూడముచ్చటగా ఉండడం. వడ్రంగి వద్దన్న వంకరే ఇక్కడ అందం అవుతుంది.

ఆ వంకర ఎలా వస్తుందన్నదే నన్ను ఏళ్లుగా పట్టుకున్న విషయం.

చెట్టు లావెక్కేది బెరడు కింద ఉండే ఒక పలచని పొర వల్ల. దాన్ని కేంబియం అంటారు. అది లోపలి వైపు చెక్కని, బయటి వైపు బెరడుని పుట్టిస్తూ పోతుంది. పుట్టిన కణం ఏ దిక్కుకి పొడవుగా సాగాలో ఆక్సిన్ అనే హార్మోను ప్రవాహం చెబుతుంది. లేత ఆకుల్లో, మొగ్గల్లో తయారై ఆక్సిన్ వేళ్ల వైపు దిగుతుంది. 1969లో త్స్వీ సాక్స్ అనే వృక్ష శాస్త్రవేత్త దీని గురించి ఒక మంచి ఆలోచన చెప్పాడు. ఆక్సిన్ ఏ కణాల గుండా ఎక్కువ పారితే, ఆ కణాలు దాన్ని ఇంకా బాగా మోసేలా మారతాయట. ఎండిన మడిలోకి నీళ్లు వదిలి చూడండి. మొదట అంతటా పరుచుకుంటాయి. ఎక్కడో చిన్న గాడి దొరుకుతుంది, పారే కొద్దీ గాడి లోతవుతుంది, మిగతా నీరూ అటే వస్తుంది. చెక్కలో మనం చూసే నార, ఒకప్పుడు ఆక్సిన్ పారిన కాలవల ముద్ర.

నిటారుగా పెరిగిన మాను వేసవిలో నాగావళి లాంటిది. ప్రవాహమంతా ఒకే దిక్కు. ఒక కొమ్మ వచ్చిందంటే నదిలో వంతెన స్తంభం లేచినట్టే. నీరు పైన రెండుగా చీలి, పక్కల నుంచి జారి, కింద మళ్లీ కలుస్తుంది. చెక్కలో ముడి చుట్టూ నార అచ్చం అలాగే నడుస్తుంది. ఇప్పుడు ఒక్క స్తంభం కాదు, జానెడు మేరలో వందల స్తంభాలు ఉన్నాయనుకోండి. బుడిపె అంటే అదే. గాయమో, పురుగో, బూజో, మాటిమాటికీ కొమ్మలు నరకడమో, ఏదో కారణాన నిద్రలో ఉండాల్సిన మొగ్గలు ఒకే చోట గుంపుగా పుడతాయి. కొమ్మలుగా ఎదగవు, చావవు. ప్రతి మొగ్గా తన వంతు ఆక్సిన్ వదులుతూనే ఉంటుంది. పైనుంచి వచ్చే ప్రవాహం ఒకటి, ఈ మొగ్గల ఊటలు వంద. రెండూ ఎదురుపడిన చోట సుడి తిరుగుతుంది.

ఇది మాటవరసకి చెప్పిన సుడి కాదు. సిమ్హా లెవ్-యాదున్, రోనీ అలోని 1990లో కొమ్మలు మానుని కలిసే చోట చెక్కని పరిశీలించి, ఉంగరంలా తనలోకే తిరిగిన నీటి నాళాలు ఉన్నాయని చూపించారు. ఆ నాళాలు నీటిని ఎక్కడికీ చేర్చవు. దారువు అంటే నీటి గొట్టాలని బడిలో నేర్పుతాం. ఒక్క బుడిపె ముక్క తరగతిలోకి తెస్తే, ఆ గొట్టాలు దారి ఎలా వెతుక్కుంటాయో పిల్లలు కళ్లతో చూస్తారు.

సుడి అంటే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఎద్దు. అలమండ సంతలో ఎద్దుని కొనేవాళ్లు పళ్లు చూసినంత శ్రద్ధగా ఒంటి మీద సుళ్లు చూస్తారు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి అరిష్టమని మంచి ఎద్దుని వదిలేసిన రైతులు నాకు తెలుసు. వెంట్రుకల వరస రెండు దిక్కుల నుంచి వచ్చి ఎక్కడో ఒక చోట సర్దుకోవాలి. సుడి ఆ సర్దుబాటు తప్ప మరేమీ కాదు. వేలిముద్రల్లో శంఖాలు, చక్రాలు లెక్కపెట్టి భవిష్యత్తు చెప్పడమూ ఇలాంటిదే. కానీ ఆ లెక్కలో జాతకం కంటే గొప్పది ఒకటుంది. చక్రం ఉన్న వేలిని భూతద్దంతో చూడండి. దాని పక్కన గీతలు మూడు దిక్కుల నుంచి వచ్చి కలిసే ముక్కోణాలు రెండు ఉంటాయి. శంఖం ఉంటే ఒకటి. రెండూ లేని ముద్రలో మామూలుగా ఒక్కటీ ఉండదు. గీతలు బయట అంతా సాఫీగా నడవాలంటే, లోపల వేసిన ప్రతి పూర్తి సుడికీ రెండు ముక్కోణాలు చెల్లించి తీరాలి. ఇది జ్యామితి నియమం. చర్మానికీ ఇదే, చెక్కకీ ఇదే. బుడిపెలో కన్నులు, అంటే ఒక్కో మొగ్గ చుట్టూ తిరిగిన సుళ్లు, కిక్కిరిసి ఉంటాయి కాబట్టి ముక్కోణాలు కొన్ని చోట్ల జతగా కలిసి నాలుగు మూలలవుతాయి. నూనె రాసిన పిడిని తిప్పుతుంటే మెరుపు ఒక చోట నుంచి ఇంకో చోటికి గెంతేది నార ఇలా చోటుచోటుకీ దిక్కు మారడం వల్లే. నార కొన కనపడే చోట వెలుగు లోపలికి ఇంకి నల్లగా, నార పడుకున్న చోట తళుక్కున కనిపిస్తుంది.

ఇక పనిలోకి వద్దాం. బుడిపెలు దొరికేది సా మిల్లుల దగ్గర, కట్టెల అడితుల్లో. కిలోల లెక్కన పొయ్యి కట్టెల ధరకే ఇస్తారు. ప్రాణమున్న చెట్టుకి బుడిపె కోయకండి, ఆ గాయం ఎంతో పెద్దది. కాలిఫోర్నియా రెడ్‌వుడ్ అడవుల్లో బుడిపెల దొంగతనం ఎక్కువై 2014లో ఒక పార్కు రోడ్డుని రాత్రుళ్లు మూసేయాల్సి వచ్చింది. బెరడు కాస్త గీకి చూస్తే కింద సన్నని ముళ్లలా పొడుచుకుని ఉంటే మంచి కన్నులున్నట్టు. నున్నగా ఉంటే చాలాసార్లు అది విరిగిన కొమ్మ మీద మాసిన గాయం, లోపల చివికిపోయి ఉండొచ్చు. మొగ్గలు లోపలి నుంచి బెరడు వైపు పెరుగుతాయి కనుక, కోత బెరడుకి సమాంతరంగా వేస్తే గుండ్రని కన్నులొస్తాయి. అడ్డంగా వేస్తే ఉత్త గీతలే.

ఆరబెట్టడం దగ్గరే ఎక్కువమంది ఓడిపోతారు. నా మొదటి చింత బుడిపెని వైశాఖం ఎండలో డాబా మీద పెట్టాను. మూడో రోజు సాయంత్రానికి రూపాయి బిళ్ల దూరేంత పగులు. కారణం లెక్కలోనే ఉంది. పచ్చి చెక్కలో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా చెక్క కుంచించుకోదు, ఆ తరువాతే మొదలవుతుంది. 12 శాతానికి వచ్చేసరికి 30 మిల్లీమీటర్ల ముక్క వలయాల వెంబడి సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు తగ్గుతుంది. నార పొడవునా అయితే వెంట్రుక మందం కూడా తగ్గదు. బుడిపెలో ఈ రెండు దిక్కులూ పక్కపక్కనే, అర అంగుళానికి ఒకసారి మారుతూ ఉంటాయి. ఒకటి లాగుతుంది, పక్కది కదలనంటుంది. నెమ్మదిగా ఆరితే చెక్క సర్దుకుంటుంది, తొందరపెడితే చీలుతుంది.

రెండోసారి ముక్క కోసిన రోజే అన్ని వైపులా కొవ్వొత్తి మైనం కరిగించి పూశాను. మామూలు దుంగకి రెండు చివర్లు పూస్తే చాలు. బుడిపెలో నార కొనలు ప్రతి ముఖం మీదా తేలతాయి. నీడలో, గాలి తగిలే అటక మీద పెట్టి వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచాను. 1140 గ్రాముల ముక్క ఏడాదికి 870 దగ్గర ఆగింది. మరుసటి శ్రావణంలో పది గ్రాములు పెరిగి, చలికాలంలో మళ్లీ దిగింది. గాలిలో తేమ 80 శాతం ఉంటే చెక్క సుమారు 16 శాతం దగ్గర, 60 ఉంటే 11 దగ్గర నిలుస్తుంది. మన సముద్రపు గాలిలో ఈ ఊగిసలాట ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పిడిని చలికాలంలో కాక వానలు పోయాక, మధ్యస్థంగా ఉన్నప్పుడు బిగించడం మేలు.

కమ్మరి కొలిమిలో ఎర్రగా కాల్చిన కత్తి తోకని (పిడిలో దూరే ఇనుప కొసని) పిడిలోకి దింపే పద్ధతి తుమ్మకి సరే, బుడిపెకి వద్దు. ఆ వేడికి కన్నుల దగ్గర బీటలిస్తుంది. డ్రిల్లుతో బెజ్జం వేసి ఎపాక్సీతో అతికించండి. చిత్రిక పడితే కన్నులు ఊడి వస్తాయి, ఉప్పుకాగితమే దారి: 120 నంబరుతో మొదలుపెట్టి 240, 400, 600. పైన అవిసె నూనె పలచగా నాలుగు పూతలు, పూతకీ పూతకీ రెండు రోజులు. నూనె తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె గాలి తగిలి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకుంటుంది. నీళ్లలో తడిపి ఆరుబయట పరవండి.

టెక్కలి సోదరుడికి: బుడిపెని వెంటనే నీడలోకి చేర్చి మైనం పూయండి. అంతకుముందు ఒక పక్క నుంచి అంగుళం మందం చెక్క తీసి, తడి గుడ్డతో తుడిచి చూడండి. కన్నులు కనిపిస్తే వాటి పక్కన ముక్కోణాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి నాకు రాయండి.