అంతరిక్ష సరుకు నౌక కథలు: అపోహలు - వాస్తవాలు

పిల్లల కోసం అంతరిక్ష సాహస కథలు రాస్తుంటాను. వాటిలో యుద్ధనౌకలుండవు. ఒక పాత సరుకు నౌక, నలుగురు సిబ్బంది, కిరాయి ఎక్కడ దొరికితే అక్కడికి ప్రయాణం. ఈ తరహా కథలు కొత్తగా రాసేవాళ్లు నాకు చూపించే రాతప్రతుల్లో కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి.

అపోహ: సరదా కథే కదా, సైన్సు ఎందుకు?

సరదా ఉన్నదే అక్కడ. 2020 అక్టోబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బయల్దేరిన సిగ్నస్ సరుకు నౌకకు మన కల్పనా చావ్లా పేరు పెట్టారు. అది మోసుకెళ్లిన సామానులో కొత్త రకం టాయిలెట్ ఒకటి! సామాను దించుకున్నాక సిగ్నస్ నౌకల్లో చెత్త నింపి పంపేస్తారు. వాతావరణంలోకి దిగుతూ చెత్తతో సహా కాలిపోతాయి. ఇందులోనే ఒక కథ ఉంది. పొరపాటున ఆ చెత్త మూటల్లోకి పనికొచ్చే వస్తువు వెళ్లిపోతే?

అపోహ: ముందున్న నౌకను అందుకోవాలంటే వేగం పెంచాలి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం ఇదే. భూమి చుట్టూ తిరిగే నౌక వేగం పెంచితే ఇంకా ఎత్తుకు ఎక్కుతుంది. అక్కడ చుట్టు పెద్దది, నడక నిదానం. అందుకోవాల్సిన నౌక ఇంకా ముందుకు వెళ్లిపోతుంది. అందుకే ఇంజన్‌ను ఎదురు దిశలో మండించి కాస్త వేగం తగ్గించుకోవాలి. నౌక కిందికి దిగుతుంది, చుట్టు చిన్నదవుతుంది, దూరం తరుగుతుంది. 1965 జూన్‌లో అమెరికా నౌక జెమినీ-4 వ్యోమగామి జేమ్స్ మెక్‌డివిట్ తమ రాకెట్ నుంచి విడిపోయిన పైభాగం దగ్గరికి వెళ్లాలని నేరుగా దానివైపే ఇంజన్లు మండించారు. అది దగ్గరపడలేదు. ఇంధనం ఖర్చవుతోందని చివరికి ఆ ప్రయత్నం మానుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు మీ కథలో అప్పు ఎగ్గొట్టినవాళ్ల నౌకను తరిమే సన్నివేశం రాయండి. "వేగం తగ్గించు" అని ముసలి పైలట్ అంటాడు, కొత్త కుర్రాడు గొల్లుమంటాడు. నవ్వూ వస్తుంది, లెక్కా తప్పదు.

అపోహ: సరదా కథలో పెద్ద ప్రమాదం ఉండకూడదు.

ఉండొచ్చు, మనుషులు తెలివిగా మసలుకుంటే చాలు. 1997 జూన్ 25న ప్రోగ్రెస్ సరుకు నౌక ఒకటి రష్యా వాళ్ల మీర్ అంతరిక్ష కేంద్రాన్ని ఢీకొట్టింది. స్పెక్టర్ అనే గదికి చిల్లు పడి గాలి బయటికి పోసాగింది. తలుపు మూద్దామంటే దాని గుండా కేబుళ్లు వెళ్తున్నాయి. వాటిని విడదీసి, రానివాటిని కోసి ఆ గదిని మూసేశారు. ఈలోగా కేంద్రం గిరగిరా తిరగడం మొదలైంది. అప్పుడు అందులో ఉన్న అమెరికా వ్యోమగామి మైఖేల్ ఫోల్ కిటికీ దగ్గర బొటనవేలు చాచి, దాని పక్కనుంచి నక్షత్రాలు ఎంత వేగంగా కదులుతున్నాయో చూసి, తిరుగుడు వేగం అంచనా కట్టి భూమ్మీది నియంత్రణ కేంద్రం వాళ్లకు చెప్పారు. ఏ గొప్ప యంత్రం కన్నా ఆ బొటనవేలే కథకు బలం.

అపోహ: అంతరిక్షంలో గురుత్వాకర్షణ ఉండదు.

400 కిలోమీటర్ల ఎత్తులో కూడా నేల మీద ఉన్నదాంట్లో సుమారు 90 శాతం ఉంటుంది. నౌకా మనుషులూ కలిసి భూమి చుట్టూ పడుతూనే ఉంటారు కాబట్టి తేలుతున్నట్టుంటుంది. పోయిన స్పూను కోసం మాత్రం నేల వెతక్కండి. ఫ్యాన్ల గాలికి తేలుతూ వెళ్లి గాలి పీల్చే జాలీకి అతుక్కుంటుంది, అక్కడ చూడాలి.

అపోహ: కిరాయికి తిరిగే నౌక ఎప్పుడంటే అప్పుడు బయల్దేరొచ్చు.

భూమి నుంచి అంగారకుడికి తక్కువ ఇంధనంతో వెళ్లే అదను దాదాపు 26 నెలలకోసారి వస్తుంది. అది తప్పితే రేవులోనే పడిగాపులు. అద్దె పెరుగుతుంది, సరుకు పాడవుతుంది, సిబ్బంది కొట్టుకుంటారు. నా కథలు సగం ఆ రేవులోనే నడుస్తాయి.