పీఎస్‌డీ నుంచి జేపీజీ: అపోహలు - వాస్తవాలు

“పీఎస్‌డీనే తెచ్చానన్నా, మేనమామ పేరొక్కటి కలిపితే చాలు, ఐదు నిమిషాల పని.” పెళ్లిళ్ల సీజన్‌లో బెంగళూరు మారతహళ్లిలోని మా డీటీపీ షాపులో ఈ మాట వినని వారం ఉండదు. పీఎస్‌డీ అంటే ఫొటోషాప్ ఫైలు, అందులో పేరు, పువ్వు, బొమ్మ వేర్వేరు పొరలుగా (లేయర్లుగా) ఉంటాయి. జేపీజీ అంటే ఫోన్‌లో పంచుకునే మామూలు ఫొటో ఫైలు. వాళ్లు తెచ్చిన ఫైలు తెరుస్తాను. లేయర్స్ ప్యానెల్‌లో ఉండేది ఒకే ఒక్క లేయరు. కార్డు మొత్తం, అక్షరాలతో సహా, అందులోనే అతుక్కుపోయి ఉంటుంది.

అపోహ: జేపీజీ చేసుకున్నాక పీఎస్‌డీ ఎందుకు? కావాలంటే మళ్లీ ఆన్‌లైన్‌లో పీఎస్‌డీగా మార్చుకోవచ్చు.

మార్చుకోలేరు. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపీజీలో లేయర్లకు చోటే లేదు. పేరు, పువ్వు, వినాయకుడు, నీడ అన్నీ కలిసిపోయి ఒకే వరస పిక్సెళ్లు (చిన్న రంగు చుక్కలు) అవుతాయి. పువ్వు మీద ‘చి.ల.సౌ.’ అని ఉంటే, ఆ అక్షరాల కింద పువ్వు ఏ రంగులో ఉండేదో ఆ ఫైలుకు తెలియదు. జేపీజీని పీఎస్‌డీ చేసే సైట్లు అబద్ధమాడవు, నిజంగానే పీఎస్‌డీ ఇస్తాయి. కాకపోతే లోపల ఒక్క లేయరే ఉంటుంది. కుట్టిన జాకెట్టును విప్పి మళ్లీ తాను గుడ్డ చేసిమ్మంటే ఏ దర్జీ చేయగలడు? ఏఐతో లేయర్లు విడగొడతామనే సైట్లు కూడా వచ్చాయి. కింద దాగిన భాగాన్ని అవి ఊహించి నింపుతాయి, అంతే. ముహూర్తం అంకెను ఊహకు వదిలేస్తామా?

పోయిన వైశాఖంలో హోసూరు నుంచి ఒక పెళ్లికూతురి తండ్రి వచ్చారు. అనంతపురంలో చేయించిన కార్డట. పీఎస్‌డీ ఫోన్‌లో తెరుచుకోకపోతే ఏదో సైట్లో జేపీజీ చేసుకుని బంధువులందరికీ పంపేశారు. స్టోరేజీ నిండిందని పెద్ద ఫైలును తీసేశారు. ఆ సాయంత్రమే బావమరిది ఫోను: “నా పేరేది బావా?” జేపీజీని తిరిగి పీఎస్‌డీ చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని నా దగ్గరికొచ్చారు. “ఇంట్లో మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది బాబూ” అన్నారు. నవ్వు రాలేదు నాకు. మేనమామ పేరు లేని కార్డు పంచితే ఏమవుతుందో మనవాళ్లకు చెప్పాలా? ఫైలు ఎక్కడి నుంచి తీసేశారని అడిగితే గూగుల్ డ్రైవ్ అన్నారు. డ్రైవ్‌లో తీసేసిన ఫైలు 30 రోజులు బిన్‌లోనే ఉంటుంది. తెరిచి చూస్తే ఉంది! అప్పుడు మాత్రం నిజంగానే ఐదు నిమిషాల పని.

కాబట్టి పీఎస్‌డీని రెండు చోట్ల దాచండి. డబ్బిచ్చేటప్పుడే డిజైనర్‌ను పీఎస్‌డీ, ఫాంట్లు రెండూ అడగండి. చాలామంది అడగరు, తర్వాత బతిమాలుకుంటారు.

అపోహ: ఆ సైటు నా తెలుగును చెడగొట్టింది.

కొన్నిసార్లు నిజమే, కారణం వేరు. మామూలుగా పీఎస్‌డీలో లేయర్లతో పాటు అన్నీ కలిసిన పూర్తి బొమ్మ కూడా ఒకటి ఉంటుంది. చాలా సైట్లు దాన్నే తీసి జేపీజీగా ఇస్తాయి, అప్పుడు తెలుగుకు ఏమీ కాదు. ఫొటోషాప్‌లో సేవ్ చేసేటప్పుడు ‘మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ’ టిక్ తీసేస్తే ఆ బొమ్మ ఉండదు. అప్పుడు తెల్ల కాగితం మీద ఇంగ్లిష్ సందేశం వస్తుంది, ఫైలు పాడైందని జనం కంగారుపడతారు. పాడవలేదు. టిక్ పెట్టి మళ్లీ సేవ్ చేయించుకోండి. లేయర్లను తనే మళ్లీ గీసే సైటైతే, అక్కడ డీటీపీలో వాడే అను ఫాంట్ లేకపోతే తెలుగు స్థానంలో ఇంగ్లిష్ గజిబిజి వస్తుంది. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ గుర్తించే అక్షర ప్రమాణం) ఫాంట్లు కావు మరి.

అపోహ: ఆన్‌లైన్‌లో మారిస్తే మన ఫొటోలు ఎవరి చేతికో పోతాయి.

ఇలా భయపెడుతూ ఫ్యామిలీ గ్రూపుల్లో తిరిగే వాయిస్ మెసేజ్ నేనూ విన్నాను, ఒళ్లు మండింది. కానీ అమ్మాయి ఫొటో ఉన్న ఫైలును ఎక్కించడానికి జంకే తల్లిని తప్పు పట్టను. అన్ని సైట్లూ ఒకటి కాదు. కొన్ని ఫైలును తమ సర్వర్‌కు తీసుకుంటాయి. ఫొటోపీ లాంటి సైట్లు మీ బ్రౌజర్‌లోనే పని కానిస్తాయి. తేడా తెలియాలంటే పేజీ తెరుచుకున్నాక నెట్ ఆపి ఫైలు తెరవండి. జేపీజీ వచ్చిందంటే ఫైలు మీ కంప్యూటర్ దాటనట్టే. బొమ్మ బదులు ఈఎక్స్‌ఈ (ప్రోగ్రామ్) ఫైలు దింపుకోమనే సైటు కనిపిస్తే వెంటనే మూసేయండి. ఉచిత కన్వర్టర్ల ముసుగులో మాల్‌వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) వస్తోందని అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం 2025 మార్చిలో హెచ్చరించింది కూడా.

మిగతావి గబగబా. ఫైలు పేరు చివర ‘పీఎస్‌డీ’ కొట్టేసి ‘జేపీజీ’ అని రాస్తే పేరే మారుతుంది, ఫైలు మారదు. జేపీజీలో లోగో వెనక తెలుపు రావడం సైటు తప్పు కాదు, పారదర్శకత కావాలంటే పీఎన్‌జీ తీసుకోండి. 72ను 300 డీపీఐ (అంగుళానికి చుక్కలు) అని మార్చినంత మాత్రాన బొమ్మ పదునెక్కదు: 5×7 అంగుళాల కార్డుకు 300 లెక్కన 1500×2100 పిక్సెళ్లు ముందే ఉండాలి. ప్రెస్సు కోసం సీఎంవైకేలో (ప్రింటింగ్ రంగుల పద్ధతిలో) చేసిన ఫైలును అలాగే జేపీజీ చేస్తే కొన్ని ఫోన్లలో రంగులు వికారంగా కనిపిస్తాయి. ఫోన్‌లో పంచడానికి ఎస్‌ఆర్‌జీబీలో (తెరల రంగుల పద్ధతిలో) ఇంకో కాపీ తీయించుకోండి. చిక్‌పేటలో ప్రింటింగ్‌కు ఇచ్చేది మాత్రం పీడీఎఫ్ అయితే మేలు. వాట్సాప్‌లో పంపక తప్పదంటే ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.