తెగి పడిన తీగలో కరెంటు ఉండదనుకోకండి

"సార్, మా బెడ్‌రూమ్ కిటికీ ఎదురుగానే హెచ్‌టీ లైన్ (హై టెన్షన్ కరెంటు లైన్) పోతోంది. పాపకు మూడేళ్లు. రేడియేషన్ వల్ల ఏమన్నా అవుతుందా?"

కరెంటు డిస్ట్రిబ్యూషన్ పనిలో చేరిన నాటి నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ఆ రోజు అడిగిన తల్లి గొంతులో వణుకు ఉంది. ఎవరో ఫోన్‌లో పంపిన మెసేజ్ చదివి, పాప మంచం హాల్లోకి మార్చి, వారం రోజులుగా సరిగ్గా నిద్రపోలేదట. ఇలాంటి మెసేజ్‌లు తయారు చేసేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. చదివి భయపడే వాళ్ల మీద మాత్రం కోపం రాదు. కంటికి కనిపించని దాని గురించి పసిపిల్ల ఉన్న ఇంట్లో భయం పుట్టడం సహజం.

కరెంటు పారే తీగ చుట్టూ ఉండే మాగ్నెటిక్ ఫీల్డ్ (అయస్కాంత క్షేత్రం) కొలిచే గాస్ మీటర్ తీసుకుని వెళ్లాను. కిటికీ దగ్గర 0.2 మైక్రోటెస్లా (ఆ ఫీల్డ్‌ను కొలిచే యూనిట్), పాప పడుకునే చోట అందులో సగం. "అమ్మా, ఒకసారి మిక్సీ ఆన్ చేయండి" అని మీటర్‌ను మోటారుకు ఆనించి పట్టుకుంటే పదుల్లోకి ఎగబాకింది. రెండడుగులు వెనక్కి జరిగేసరికి మళ్లీ దాదాపు ఏమీ లేదు. దూరం పెరిగేకొద్దీ ఈ ఫీల్డ్ ఎంత తొందరగా పడిపోతుందో మాటల్లో చెప్పడం కంటే ఇలా చూపిస్తే బాగా అర్థమవుతుంది. ప్రజల విషయంలో మన కరెంటు ఫ్రీక్వెన్సీ అయిన 50 హెర్ట్జ్ మాగ్నెటిక్ ఫీల్డ్‌కు, ఇలాంటి ఫీల్డ్‌ల నుంచి రక్షణకు పరిమితులు సూచించే అంతర్జాతీయ సంస్థ ఐసీఎన్‌ఐఆర్‌పీ 2010లో సూచించిన పరిమితి 200 మైక్రోటెస్లా.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ ఫీల్డ్‌లను 2బీ గ్రూపులో, అంటే 'క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉండొచ్చు' అనే వర్గంలో పెట్టింది. సగటున 0.3-0.4 మైక్రోటెస్లా దాటిన ఇళ్లలో పిల్లలకు లుకేమియా (రక్త క్యాన్సర్) కాస్త ఎక్కువగా కనిపించిందని కొన్ని అధ్యయనాలు చెప్పడమే దానికి కారణం. వాటన్నిటినీ పరిశీలించిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో, ఫీల్డ్ వల్లే జబ్బు వచ్చిందని చెప్పడానికి ఆ ఆధారాలు సరిపోవని తేల్చింది. 50 హెర్ట్జ్ తరంగం పొడవు 6,000 కిలోమీటర్లు. ఎక్స్-రేలాగా కణంలోని బంధాలను తెంచే శక్తి దానికి లేదు. రెండింటినీ 'రేడియేషన్' అనే ఒకే మాటతో పిలవడంతోనే సగం గందరగోళం మొదలవుతోంది.

'వోల్టేజ్ ఎంత ఎక్కువైతే అంత డేంజర్' అనే లెక్క కూడా ఇక్కడ పనిచేయదు. వోల్టేజ్‌తో పెరిగేది ఎలక్ట్రిక్ ఫీల్డ్. దాన్ని ఇంటి గోడ చాలావరకు ఆపేస్తుంది. గోడ ఆపలేని మాగ్నెటిక్ ఫీల్డ్ మాత్రం తీగలో పారే ఆంపియర్లను బట్టి ఉంటుంది. మూడు ఫేజుల్లో లోడ్ సమానంగా ఉంటే వాటి ఫీల్డ్‌లు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. మేం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర టంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టుకుని ఆంపియర్లు చూసే మీటర్) పెట్టి ఫేజ్ ఫేజ్‌కూ లోడ్ చూసి, ఎక్కువున్న ఫేజ్ నుంచి కొన్ని సర్వీసులు పక్క ఫేజ్‌కు మారుస్తుంటాం. లాస్ తగ్గాలని, న్యూట్రల్ వేడెక్కకూడదని చేసే పని అది. ఫీల్డ్ కూడా దాంతోపాటే తగ్గుతుంది.

ఆ తల్లి కాస్త తేరుకున్నాక మేడ మీదికి వెళ్లి చూశాను. స్తంభాన్ని నిలబెట్టే స్టే వైరుకు ఒక ఇనుప తీగ కట్టి, దాన్ని పిట్టగోడ కొక్కేనికి లాగి బట్టలు ఆరేసి ఉన్నాయి. తడి బట్టలు. స్తంభం మీద ఒక ఇన్సులేటర్ పగిలినా, ఒక జంపర్ (తీగకూ తీగకూ కలిపే ముక్క) ఊడి స్టేకు తగిలినా ఆ ఇనుప తీగ లైవ్ అయిపోతుంది. నా గుండె ఆగినంత పనైంది. లైన్‌మన్‌ను పిలిపించి అప్పటికప్పుడే తీయించాను.

నా సర్వీసులో ఫీల్డ్ వల్ల ప్రాణం పోయిన కేసు ఒక్కటీ చూడలేదు. తాకడం వల్ల, దగ్గరికి పోవడం వల్ల పోయినవి చూశాను. అందులోనూ మనసును ఎక్కువగా కలచివేసేవి తెగి పడిన తీగ దగ్గర జరిగినవి. ప్రతిసారీ వినిపించేది ఒకే మాట: "కింద పడింది కదా, కరెంటు పోయి ఉంటుందనుకున్నాం."

పోదు. పోతుందన్న గ్యారంటీ అసలే లేదు.

తీగ తెగితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ కావాలి, అంటే సప్లై దానంతటదే ఆగిపోవాలి, నిజమే. కానీ బ్రేకర్‌కు ఆ సంకేతం ఇచ్చే ఎర్త్ ఫాల్ట్ రిలే పనిచేయాలంటే నేలలోకి తగినంత కరెంటు పారాలి. పొడి ఇసుక, తారు రోడ్డు, కాంక్రీటు మీద పడిన 11 కేవీ (11,000 వోల్ట్‌ల) తీగ నుంచి కొద్ది ఆంపియర్లే పారొచ్చు. వందల ఆంపియర్లు మోసే ఫీడర్‌లో (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్‌లో) అది రిలేకు కనిపించదు. మనిషి గుండె లయ తప్పడానికి ఆంపియర్‌లో పదోవంతు చాలు.

ఒకవేళ ట్రిప్ అయినా అక్కడితో అయిపోదు. చెట్టు కొమ్మ తగిలి పోయిందేమోనని ఆటో రీక్లోజర్ కొన్ని సెకన్లలోనే మళ్లీ ఛార్జ్ చేస్తుంది. అది లేని చోట ఆపరేటర్ టెస్ట్ ఛార్జ్ ఇస్తాడు, అంటే లైన్ నిలుస్తుందేమో చూడ్డానికి మళ్లీ సప్లై ఇస్తాడు. ఈ నిమిషం చప్పుడు లేకుండా పడి ఉన్న తీగ మరు నిమిషం లైవ్ కావచ్చు.

చదువుకున్న ఎలక్ట్రీషియన్లు కూడా మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఒక్క ఫేజ్ తీగ తెగి, ట్రాన్స్‌ఫార్మర్ వైపు ముక్క నేల మీద పడిందనుకోండి. సప్లై వైపు ముక్క స్తంభానికే వేలాడుతోంది కాబట్టి కింద ఉన్నది డెడ్ అనిపిస్తుంది. కానీ మిగతా రెండు ఫేజులు ట్రాన్స్‌ఫార్మర్ దాకా బాగానే వెళ్తున్నాయి. అక్కడి డెల్టా వైండింగ్ (మూడు ఫేజులనూ త్రిభుజంలా కలిపే చుట్లు) గుండా కరెంటు వెనక్కి తిరిగి, ఆ తెగిన ముక్కలోకే వస్తుంది. ఇళ్లలో కొన్ని లైట్లు మామూలుగా, కొన్ని సగం వెలుగుతో వెలుగుతూ, బయట తీగ పడి ఉంటే అనుమానమే అక్కర్లేదు, అది లైవ్.

కనీసం పది మీటర్ల అవతల ఉండండి. మీ కాళ్ల దగ్గరే పడితే పరుగెత్తకండి. నేల మీద వోల్టేజ్ అడుగడుక్కీ మారుతుంది కాబట్టి అంగ ఎంత పెద్దదైతే కాళ్ల మధ్య తేడా అంత. పాదాలు రెండూ ఆనించి, నేల వదలకుండా చిన్నచిన్నగా జరుపుకుంటూ బయటికి రండి. కారు మీద పడితే లోపలే ఉండండి. మంటలు వస్తే తప్ప దిగొద్దు, దిగాల్సి వస్తే కారునూ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లతో దూకండి. కర్రతో తీగ పక్కకు నెట్టే సాహసం అసలే చేయొద్దు. ఇంట్లో 230 వోల్ట్‌లకు పనికొచ్చిన ఎండుకర్ర 11 కేవీకి పనికిరాదు. ఫోన్ చేసి స్తంభం నంబర్ చెప్పండి, మేం వచ్చేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెద్ద లైన్ కింద చేత్తో పట్టుకున్న ట్యూబ్‌లైట్ వెలగడం నిజమే. అది ఎలక్ట్రిక్ ఫీల్డ్ ఉందనడానికి సాక్ష్యం, జబ్బు వస్తుందనడానికి కాదు. అలాంటి లైన్ దగ్గర రేకుల షెడ్డు తాకితే చిమచిమలాడుతుంటే సరిగ్గా ఎర్త్ చేయించండి, పోతుంది. తేమ గాలిలో లైన్ నుంచి వచ్చే బుస కరోనా డిశ్చార్జి, అంటే తీగను ఆనుకున్న గాలిలోకి కొద్దిగా కరెంటు లీకయ్యే చప్పుడు. కేబుల్ భూమిలో వేస్తే మాగ్నెటిక్ ఫీల్డ్ మాయం కాదు, సరిగ్గా దాని పైన ఎక్కువే ఉండొచ్చు, కాకపోతే పక్కకు జరిగితే ఇంకా తొందరగా పడిపోతుంది. రబ్బరు చెప్పులు హెచ్‌టీ నుంచి కాపాడవు.

జనరేటర్ గురించి మాత్రం నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి. 'మా ఇంట్లో జనరేటర్, మాకే కదా' అనుకుంటారు. ఛేంజోవర్ స్విచ్ (ఒకసారికి లైన్‌నో జనరేటర్‌నో ఒక్కదాన్నే ఇంటికి కలిపేది) లేకుండా దాన్ని ఇంటి వైరింగ్‌కు కలిపితే ఆ కరెంటు సర్వీస్ వైరు గుండా ట్రాన్స్‌ఫార్మర్‌కు చేరి, అక్కడ తిరగబడి 11 కేవీ అయి లైన్‌లోకి వెళ్తుంది. ఒకసారి లైన్ క్లియర్ (సప్లై ఆపి పని చేసుకోవడానికి అనుమతి) తీసుకుని, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ ఓపెన్ చేసి, మా లైన్‌మన్ డిశ్చార్జ్ రాడ్ (తీగను భూమికి కలిపే కడ్డీ) తీగకు తగిలించాడు. ఫట్‌మని పెద్ద మెరుపు. స్తంభం కింద నిలబడ్డ మా అందరి మొహాలూ పాలిపోయాయి. రాడ్ వేయకుండా చెయ్యి పెట్టి ఉంటే? వీధి చివర ఒక ఇంట్లో జనరేటర్ నడుస్తోంది. ఆ ఇంటాయనకు చూపిస్తే నోట మాట రాలేదు, అక్కడే కూలబడ్డాడు. మరుసటి రోజే స్విచ్ పెట్టించాడు. మీ ఇంట్లో జనరేటర్ ఉంటే ఈ రోజే మెయిన్ దగ్గరికి వెళ్లి ఛేంజోవర్ ఉందో లేదో చూడండి.