నడిస్తే పిక్క పట్టేస్తోందా? మోకాలి వెనక ధమనిలో నీటితిత్తి: అపోహలు - వాస్తవాలు

కాళ్లలో రక్తం సరిగ్గా ఆడటం లేదంటే సిగరెట్, షుగర్, కొలెస్ట్రాల్ గుర్తొస్తాయి. ఇవేవీ లేని నలభై ఏళ్ల మనిషి కాస్త దూరం నడిచి పిక్క పట్టేసి ఆగిపోతున్నాడంటే, రక్తనాళాల సర్జన్‌గా నేను చూసేది మోకాలి వెనక భాగం. అక్కడి పాప్లిటియల్ ధమని గోడ బయటి పొరలో, జిగురు ద్రవం నిండిన తిత్తి పెరిగి రక్తం దారిని నొక్కేసే అరుదైన జబ్బు ఒకటుంది. పేరు సిస్టిక్ అడ్వెంటీషియల్ డిసీజ్. 1947లో దీన్ని మొదట వివరించింది తుంటి దగ్గరి ధమనిలో. ఆ తర్వాత బయటపడినవాటిలో ఎక్కువ భాగం మోకాలి వెనకవే, మగవాళ్లలోనే.

అపోహ: ఈ వయసులో పిక్క నొప్పి అంటే కండరం పట్టడమో, సయాటికానో అయ్యుంటుంది.

వాస్తవం: నడిస్తే వచ్చి, ఊరికే నిలబడినా తగ్గే నొప్పి రక్తం చాలడం లేదని చెబుతుంది. ఈ జబ్బులో ఆ తగ్గడానికి మామూలు కంటే ఎక్కువసేపు, ఒక్కోసారి 20 నిమిషాలు పడుతుంది. కొందరికి కొన్నాళ్లు పూర్తిగా తగ్గి మళ్లీ వస్తుంది కూడా. అందుకే నయమైందనుకుని వదిలేస్తారు.

అపోహ: పాదంలో నాడి బాగా అందితే రక్తనాళాలు బాగున్నట్టే.

వాస్తవం: జబ్బు తప్పించుకునేది ఎక్కువగా ఇక్కడే. కాలు చాపి పడుకున్నప్పుడు నాడి చక్కగా అందుతుంది. మోకాలు బాగా మడిచి మళ్లీ చూస్తే మాయమవుతుంది. దీన్నే ఇషికావా సైన్ అంటారు. మోకాలు చాపి ఉంచి, పాదాన్ని బలంగా కిందికి నొక్కమన్నప్పుడు నాడి పోతే మాత్రం కండరం ధమనిని నొక్కుతోందేమో చూడాలి. అది వేరే జబ్బు. ఈ పరీక్షకు మిషన్ అక్కర్లేదు, వేళ్లు చాలు. పిక్క నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇది చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. చేతి బీపీని కాలి బీపీతో పోల్చే ఏబీఐ పరీక్ష కూడా విశ్రాంతిలో నార్మల్‌గా రావచ్చు. పేషెంట్‌ని నడిపించి మళ్లీ తీయాలి.

అపోహ: యాంజియోగ్రామ్ తీస్తే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: అది రక్తం దారిని చూపిస్తుంది, గోడను కాదు. దారి ఒకపక్కకి కొడవలిలా వంగి, అంచులు నున్నగా ఉంటే అనుమానించాలి. డాప్లర్ స్కాన్‌లో తిత్తి కనిపిస్తుంది. ఎంఆర్ఐ ఇంకా మేలు: తిత్తి నుంచి మోకాలి కీలులోకి సన్నని దారి ఉంటే అదీ బయటపడవచ్చు. ఆపరేషన్‌కి ముందు ఈ సంగతి తెలియడం చాలా ముఖ్యం.

అపోహ: స్టెంట్ వేస్తే సరిపోతుంది.

వాస్తవం: ధమని లోపల కొవ్వు పేరుకున్న చోట బెలూన్, స్టెంట్ పని చేస్తాయి. ఇక్కడ లోపలి పొర సాధారణంగా బాగానే ఉంటుంది, నొక్కేది గోడలోని తిత్తి. బెలూన్ తీయగానే అది మళ్లీ దారిని మూసేస్తుంది. పైగా పదే పదే మడిచే మోకాలి దగ్గర స్టెంట్ విరిగే ప్రమాదం ఉంది. ఈ జబ్బులో స్టెంట్‌ని నేను సిఫారసు చేయను.

అపోహ: సూదితో ద్రవం లాగేస్తే ఆపరేషన్ తప్పుతుంది.

వాస్తవం: జెల్లీలా చిక్కగా ఉండే ద్రవం సూదికి పూర్తిగా రాదు. వచ్చినా తిత్తి గోడ అక్కడే మిగిలి మళ్లీ నింపుకుంటుంది. దానంతటదే కరిగిపోయినవాళ్లూ ఉన్నారు గానీ చాలా తక్కువమంది.

ధమని ఇంకా తెరుచుకునే ఉంటే తిత్తిని తెరిచి ఖాళీ చేసి, దాని గోడ తీసేస్తాం. కీలుకు దారి ఉంటే కట్టేస్తాం. ధమని పూర్తిగా మూసుకుపోయినా, గోడ బాగా పాడైనా ఆ ముక్క తీసేసి పేషెంట్ కాలి నుంచే తీసిన సిరను అతుకుతాం. ఏ పద్ధతిలో చేసినా తిత్తి మళ్లీ వచ్చే అవకాశం కొంత ఉంటుంది కాబట్టి, నొప్పి లేకపోయినా డాక్టర్ చెప్పిన గడువుల్లో డాప్లర్ స్కాన్ చేయించుకోవాలి.